మన పూర్వీకులు ఎక్కడివాళ్ళో డీఎన్ఏ మార్కర్లతో అంచనా వేయడం ఎలా: ఉమ్మి ట్యూబ్ నుంచి ఆఖరి శాతం దాకా

పోయిన సంక్రాంతికి విజయవాడ పటమటలో మా బాబాయి వాళ్ళింటికి వెళ్తే అరిసెల పళ్ళెం చేతికిచ్చి, ఉమ్మి పంపి చేయించుకున్న డీఎన్ఏ టెస్టు ఫలితం ఫోన్లో తెరిచి నా ముందు పెట్టాడు, ఒరేయ్ చూడరా మనకి మధ్య ఆసియా 4 శాతం అంట, మా నాన్న ముక్కు అంత కోటేరులా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది అని ఒకటే సంబరం. ఉగాదికి మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతులో ఆ ఊపు లేదు. ఆ కంపెనీ వాళ్ళేదో అప్‌డేట్ చేశారంట, 4 శాతం కాస్తా సున్నా అయిపోయింది. "నా నాలుగు శాతం ఎవడు కొట్టేశాడ్రా?" ఎవడూ కొట్టెయ్యలేదు బాబాయ్, వాళ్ళు నిన్ను ఎవరెవరితో పోల్చి చూస్తున్నారో ఆ జాబితా మారింది అంతే అన్నా. ఆయనకి ఎక్కలేదు, ఫోన్లో ఎక్కేది కూడా కాదులెండి. అందుకే మొదటినుంచి చివరిదాకా ఎలా చేస్తారో, మీ లాప్‌టాప్ లో మీరే ఎలా చేస్కోవచ్చో కూర్చుని రాస్తున్నా. నేను గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో, మా అమ్మదీ నాదీ ఫైళ్ళతో చేసిందే ఇది.

అసలు మార్కర్ అంటే ఏంటి

మన డీఎన్ఏ దాదాపు 300 కోట్ల అక్షరాలు, ఏ, సీ, జీ, టీ అనే నాలుగే అక్షరాలతో. మీదీ నాదీ పక్కపక్కన పెడితే దాదాపు 99.9 శాతం ఒకటే. తేడా ఉన్న చోట్లలో ఎక్కువ భాగం ఒక్క అక్షరం తేడానే, నాకు ఏ ఉన్నచోట మీకు జీ ఉండొచ్చు. వీటినే స్నిప్ లు అంటారు, ఒక్కోదానికి ఆర్ఎస్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. మామూలు టెస్ట్ చిప్పులు ఇలాంటివి ఆరేడు లక్షలు చదువుతాయి, మొత్తం 300 కోట్లూ చదవవు.

కొన్ని స్నిప్ లు జనాన్ని బట్టి బాగా మారతాయి. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జీన్ లో ఆర్ఎస్1426654 అనే చోటు చూడండి, అక్కడ 'ఏ' అనే అక్షరం యూరప్ లో దాదాపు అందరికీ ఉంటుంది, తూర్పు ఆసియాలో చాలా అరుదు, మనదేశంలో రెండూ ఉంటాయి, ఒక్కో సముదాయంలో ఒక్కో పాళ్ళలో. ఒంటి రంగు మీద ప్రభావం ఉన్న మార్కర్ ఇది. ఇంకోటి డఫీ అనే రక్తం గ్రూపుకి సంబంధించిన ఆర్ఎస్2814778, దాంట్లో ఒక రకం పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరికీ ఉంటుంది, బయట అరుదు, వైవాక్స్ మలేరియా రాకుండా అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ నిలబడిపోయింది. ఇలా ఒక్కటి చూస్తేనే ఎంతోకొంత సమాచారం ఇచ్చే మార్కర్లు ఖండాల మధ్య తేడా చెప్పడానికి బాగా పనికొస్తాయి. కానీ గుజరాత్ కీ గుంటూరుకీ మధ్య అంత తేడా ఉన్న మార్కర్ల కోసం వెతక్కండి, అక్కడ అన్నీ చిన్న చిన్న తేడాలే, లక్ష చోట్ల చిన్న తేడాలు కూడితేనే ఏదైనా కనపడేది.

ఆ కూడడం ఎలాగో కాగితం మీద ఒకసారి చేస్తే మొత్తం లెక్క చేతికొచ్చేస్తుంది. నంబర్లు నేను అభ్యాసం కోసం పెట్టినవే. క, ఖ అని రెండు జనాలు అనుకోండి. మొదటి మార్కర్ లో 'ఏ' అనే అక్షరం ఎంత తరచు కనపడుతుందంటే క లో 0.9 (పదింట తొమ్మిది), ఖ లో 0.3. మీకు ఏఏ ఉంది, అంటే అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి రెండూ ఏ నే. క వాళ్ళలో ఇలా వచ్చే అవకాశం 0.9 ఇంటూ 0.9, 0.81. ఖ లో 0.09. అంటే 9 రెట్లు క వైపు మొగ్గు. రెండో మార్కర్ లో ఒక అక్షరం క లో 0.2, ఖ లో 0.5, మీకు ఒకటి అదీ ఒకటి వేరేదీ ఉన్నాయి, అది అమ్మ నుంచైనా నాన్న నుంచైనా రావచ్చు కాబట్టి రెండుతో కూడా గుణించాలి, క లో 2×0.2×0.8 అంటే 0.32, ఖ లో 0.5. నిష్పత్తి 0.64, ఇది ఖ వైపు లాగింది. రెండూ గుణిస్తే 9×0.64 = 5.76. ఇలా లక్ష మార్కర్లు గుణించుకుంటూ పోవడమే (కంప్యూటర్ లాగరిథమ్ లు తీసి కూడుతుంది లెండి). మీరు క, ఖ ల మిశ్రమం అయితే మీ దగ్గర ఆ అక్షరం ఉండే అవకాశం రెండు నంబర్లకి మధ్యలో పడుతుంది, క పాలు 60 శాతం అయితే మొదటి మార్కర్ లో 0.6×0.9 + 0.4×0.3 = 0.66. ఏ శాతం పెడితే మీ లక్ష అక్షరాలకీ బాగా అతుకుతుందో వెతకడమే అంచనా అంటే.

ఇప్పుడు బాబాయి 4 శాతం సంగతి. మన మిర్చి యార్డులో పాత బయ్యర్ ఉంటాడు చూడండి, టిక్కీలోంచి గుప్పెడు తీసి రంగు, ముడత, ఘాటు చూసి ఇది తేజ, ఇది బ్యాడిగి అనేస్తాడు, రెండు రకాలు కలిపి కారం పట్టించినా పాళ్ళు ఇంచుమించు చెప్తాడు. అదే మనిషి జన్మలో తేజ, బ్యాడిగి తప్ప ఇంకోటి చూడలేదనుకోండి, మీరు 334 తెచ్చి ముందు పోస్తే ఇది నాకు తెలీదు అనడు, ఇంత తేజ ఇంత బ్యాడిగి కలిసింది అంటాడు. ఈ ప్రోగ్రాములన్నీ ఆ బయ్యర్ లాంటివే, తెలీదు అనే ఆప్షన్ వాటికి లేదు, మీరు ఇచ్చిన రకాల్లోనే 100 శాతం సర్దాలి. కంపెనీ ఆ రకాల జాబితా మార్చగానే బాబాయి 4 శాతం వేరే రకంలో సర్దుకుపోయింది.

మొదటి మెట్టు: అమ్మమ్మ దగ్గర నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి

కిట్ ఆర్డర్ పెట్టేముందు ఇది చెయ్యండి, తర్వాత చేస్తానంటే చెయ్యరు. తాతలు, నానమ్మ, అమ్మమ్మ, వాళ్ళ అమ్మానాన్నలు, ఒక్కొక్కరిదీ ఊరు, పుట్టింటి ఇంటిపేరు, దత్తత వెళ్ళారా, అన్నిటికన్నా ముఖ్యంగా ఎవరిది మేనరికం. నేను అడిగితే మా అమ్మమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా "మీ తాతయ్య నాకు మేనమామేగా, మా అమ్మకి సొంత తమ్ముడు" అంది. ఇన్నేళ్ళూ వింటూనే ఉన్నా, కాగితం మీద గీస్తే గానీ దాని అర్థం ఎక్కలేదు. మా అమ్మకి నానమ్మా తాతా అయినవాళ్ళే ఇంకో దారిలో ముత్తమ్మా ముత్తాతా కూడా. బయట దేశాల వాళ్ళు రాసిన గైడ్లు ఇలాంటి చెట్టుని అసలు ఊహించవు, మన దగ్గర వీధికి రెండు ఉంటాయి, ఇది కింద ఒక మెట్టులో మళ్ళీ వస్తుంది.

రెండో మెట్టు: ఏ టెస్టు

మూడు రకాలు. వై క్రోమోజోమ్ నాన్న నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, ఇంటిపేరు, గోత్రం వెళ్ళే దారే అది (దత్తత ఉంటే ఇంటిపేరు ఒక దారి, వై ఒక దారి, ముందే అడగమంది అందుకే). మైటోకాండ్రియా డీఎన్ఏ అమ్మ నుంచి పిల్లలందరికీ వస్తుంది, కూతుళ్ళే ముందుకి పంపుతారు, మొత్తం 16,569 అక్షరాలే. మూడోది ఆటోసోమల్, మిగతా 22 జతల క్రోమోజోమ్ లు, అమ్మానాన్నల నుంచి సగం సగం.

వై, మైటో రెండూ ఒక్కో గీతని మాత్రమే చెప్తాయి. పది తరాలు వెనక్కి వెళ్తే మీ చెట్టులో 1024 చోట్లు ఉంటాయి, వై వాటిలో ఒక్కరి గురించి చెప్తుంది, మైటో ఇంకొక్కరి గురించి. నాకు ఆర్1ఏ (వై గీతల్లో ఒక కొమ్మ పేరు) వచ్చింది కాబట్టి మేం అంతా ఫలానా చోటునుంచి వచ్చాం అని వాదించేవాళ్ళు మిగతా 1022 చోట్ల వాళ్ళనీ మర్చిపోయినట్టే. తెలుగువాళ్ళలో వై కొమ్మలు హెచ్, ఎల్, ఆర్1ఏ, ఆర్2, జే2 అన్నీ కనిపిస్తాయి, ఏ ఒక్క కులానికీ ఒక్కటే అని లేదు. మైటోలో అయితే దేశంలో సగం మందికి పైగా ఎం అనే పెద్ద కొమ్మలోనే ఉంటారు.

ఇక్కడో తమాషా ఉంది. మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే భార్యాభర్తలిద్దరికీ మైటోకాండ్రియా ఒకటే, ఎందుకంటే ఆయనకి వాళ్ళమ్మ నుంచి వచ్చింది, అదే అక్కకి వెళ్ళింది, అక్క నుంచి కూతురికి. మా తాతయ్యదీ అమ్మమ్మదీ అలా ఒకటే అన్నమాట.

శాతాలు కావాలంటే ఆటోసోమలే. రా డేటా (మీ అక్షరాలన్నీ ఉండే ఫైలు) డౌన్‌లోడ్ ఇస్తారా లేదా అన్నది డబ్బు కట్టేముందే చూస్కోండి, ఇవ్వకపోతే ఇక్కణ్ణుంచి కింద రాసింది ఏదీ చెయ్యలేరు.

మూడో మెట్టు: శాంపిల్

అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. మా అమ్మమ్మకి ఆకూవక్కా లేకుండా అరగంట అంటే ఉపవాసం కిందే లెక్క, నేను అటు వెళ్ళగానే బుగ్గన పెట్టేసుకుంది, ట్యూబ్ లో ఉమ్మి ఎర్రగా పడింది, పర్లేదులే అని పంపాం, డీఎన్ఏ సరిపోలేదు మళ్ళీ పంపమని మెయిల్ వచ్చింది. రెండోసారి పొద్దున్నే పళ్ళు తోమకముందే నోరు నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి, బుగ్గలు బయటనుంచి వేళ్ళతో మెల్లగా రుద్ది ఉమ్మించాం, అప్పుడు వచ్చింది. నురగ లెక్కలోకి రాదు, గీత దాకా ద్రవం ఉండాలి. మూత నొక్కగానే దాంట్లోని ద్రావణం కలుస్తుంది, అదే ఎండకి పాడవకుండా కాపాడేది, కాబట్టి బాగా కదపండి.

నాలుగో మెట్టు: ఫైలు తెరిచి చూడండి

జిప్ విప్పితే మామూలు టెక్స్ట్ ఫైలే, ఆరేడు లక్షల లైన్లు, మా ఫైళ్ళలో అయితే ఒక్కో లైన్లో నాలుగు కాలమ్స్, ఆర్ఎస్ నంబరు, క్రోమోజోమ్, దాంట్లో ఎన్నో స్థానం, మీ రెండు అక్షరాలు. చదవలేకపోయిన చోట రెండు గీతలు ఉంటాయి. పైన కామెంట్ లైన్లలో బిల్డ్ 37 అనో 38 అనో రాసుంటుంది, అంటే స్థానాలు లెక్కపెట్టిన డీఎన్ఏ పటం ఎన్నో వెర్షనో, అది నోట్ చేస్కోండి. బిల్డ్ మారితే స్థానాల నంబర్లు మారిపోతాయి, నేను మొదటిసారి ఇది చూడకుండా కలిపేసి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా.

సాఫ్ట్‌వేర్ ఫ్రీ. ప్లింక్ అనేది శుభ్రం చెయ్యడానికీ కలపడానికీ, అడ్మిక్చర్ అనేది శాతాలకి. అడ్మిక్చర్ లైనక్స్, మ్యాక్ ల మీదే నడుస్తుంది, విండోస్ వాళ్ళు లోపల ఉబుంటు వేసుకోండి. 8 జీబీ ర్యామ్ చాలు.

ఐదో మెట్టు: ఎవరితో పోలుస్తారు

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. అందరికీ ఫ్రీగా దొరికేది థౌజండ్ జీనోమ్స్ ప్రాజెక్టు (జీనోమ్ అంటే ఒక మనిషి మొత్తం డీఎన్ఏ), 2015 లో వచ్చిన దాంట్లో 26 జనాల నుంచి 2504 మంది ఉన్నారు. దక్షిణాసియా నుంచి ఐదు గుంపులు: లాహోర్ పంజాబీలు, బంగ్లాదేశ్ బెంగాలీలు, హ్యూస్టన్ గుజరాతీలు, యూకే శ్రీలంక తమిళులు, యూకే తెలుగువాళ్ళు. అవును, ప్రపంచమంతా తెలుగువాళ్ళు అంటే ఇదీ అని పోల్చుకునే శాంపిల్స్ తెనాలిలోనో వరంగల్ లోనో తీసినవి కావు, యూకేలో తీసినవి. వీసా దొరికి అక్కడ స్థిరపడినవాళ్ళు మన రాష్ట్రాలకి ఎంతవరకు అద్దం పడతారో మీరే ఆలోచించండి. పీసీఏ (ఒక్కో మనిషిని ఒక్కో చుక్కగా పెట్టే పటం, ఏడో మెట్టులో వస్తుంది) వేసి చూస్తే వాళ్ళు కూడా ఒక చుక్కలా కుదురుగా ఉండరు, పొడుగ్గా సాగి పరుచుకుంటారు.

ఇంకో పాత సెట్ హెచ్‌జీడీపీ (హ్యూమన్ జీనోమ్ డైవర్సిటీ ప్రాజెక్టు), దాంట్లో దక్షిణాసియా అంటే దాదాపు అంతా పాకిస్తానే. మన దేశంలో జీనోమ్ ఇండియా కింద పదివేల మంది జీనోమ్ లు చదివారు, 2025 జనవరిలో ఆ డేటాని ఫరీదాబాద్ లోని కేంద్రంలో పరిశోధకులకి తెరిచారు, మనలాంటి ఇంటి ఔత్సాహికులు నేరుగా దించుకునే వ్యవహారం కాదది.

నా సలహా, మొదటి రౌండ్ లో దక్షిణాసియా ఐదూ, దానితో యూరప్ నుంచి ఒకటి, తూర్పు ఆసియా నుంచి ఒకటి, ఆఫ్రికా నుంచి ఒకటి పెట్టండి. గుంపుకి ఇంచుమించు సమానంగా మనుషుల్ని తీస్కోండి, ఒకే గుంపు నుంచి మరీ ఎక్కువమందిని పెడితే ఫలితం వాళ్ళ చుట్టూ తిరుగుతుంది.

ఆరో మెట్టు: కడగడం

బోరింగ్, కానీ తప్పదు. మీ ఫైల్లోనూ రిఫరెన్స్ (పోల్చుకునే జనాల డేటా) లోనూ రెండిట్లో ఉన్న మార్కర్లే ఉంచండి. డీఎన్ఏకి రెండు పోగులు, ఒకళ్ళు ఒక పోగు మీద చదివి ఇంకొకళ్ళు రెండోదాని మీద చదివితే ఏ కాస్తా టీ అవుతుంది, సీ కాస్తా జీ అవుతుంది, కాబట్టి ఏ-టీ, సీ-జీ రకం స్నిప్ లు ఎటు తిప్పాలో తెలీదు, తీసిపారెయ్యండి. 5 శాతం కంటే ఎక్కువమందిలో ఖాళీగా ఉన్న మార్కర్లు, మరీ అరుదైన రకాలు (1 శాతం లోపు) కూడా తీసెయ్యండి. దగ్గరి చుట్టాలు ఇద్దరు ఉంటే ఒకర్నే ఉంచండి, నేనూ మా అమ్మా ఒకే రన్ లో ఉండకూడదు.

తర్వాత ప్రూనింగ్. పక్కపక్కన ఉన్న మార్కర్లు కలిసే వారసత్వంగా వస్తాయి, వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కేస్తే ఒకే మనిషి మాట పదిసార్లు విన్నట్టు. పైన గుణకారం చేశాం కదా, ఆ గుణకారం మార్కర్లు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే చెల్లుతుంది. ప్లింక్ లో ఇండెప్-పెయిర్‌వైజ్ అనే ఆప్షన్ కి 50, 10, 0.1 అని ఇవ్వండి, అంటే 50 మార్కర్ల కిటికీ, 10 చొప్పున జరగడం, సంబంధం 0.1 దాటితే ఒకటి తీసెయ్యడం. లక్ష చుట్టుపక్కల మిగిలినా హాయిగా సరిపోతుంది.

ఏడో మెట్టు: ముందు పీసీఏ, తర్వాతే శాతాలు

చాలామంది దీన్ని దాటేసి తిన్నగా శాతాలకి ఎగబడతారు. పీసీఏ అంటే లక్ష మార్కర్ల తేడాల్ని రెండు గీతల మీదకి దించి ఒక్కో మనిషిని ఒక్కో చుక్కగా పెట్టడం. ప్రపంచం మొత్తం పెడితే ఆఫ్రికా, యూరప్, తూర్పు ఆసియా మూడు మూలలకి పోతాయి, మనవాళ్ళు యూరప్ కీ తూర్పు ఆసియాకీ మధ్యలో పడతారు. మధ్యలో పడ్డాం కాబట్టి మనం ఆ రెండిటి మిశ్రమం అనుకుంటే పప్పులో కాలేసినట్టే, మూలలు ఎవరో మీరు ఇచ్చిన జనాన్ని బట్టే ఏర్పడతాయి.

తర్వాత దక్షిణాసియా వాళ్ళని మాత్రమే పెట్టి మళ్ళీ వెయ్యండి. ఇప్పుడు పంజాబ్ వైపు నుంచి దక్షిణానికి వాలుగా సాగిన ఒక బారు కనపడుతుంది. దీని వెనక కథ 2009 లో బయటికొచ్చింది, హైదరాబాద్ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ వాళ్ళు కలిసి 25 సముదాయాల డేటా చూసి, భారతీయుల్లో ఎక్కువమంది రెండు పాత జనాల మిశ్రమం, పాళ్ళు మాత్రమే వేరు అని చూపించారు. 2013 లో అదే బృందం ఆ కలయిక ఎప్పుడు జరిగిందో లెక్కేస్తే దాదాపు 4200 నుంచి 1900 ఏళ్ళ క్రితం మధ్య అని తేలింది, ఆ తర్వాత ఎవరి గుంపులో వాళ్ళే పెళ్ళిళ్ళు. 2019 లో పురాతన ఎముకల డీఎన్ఏ వచ్చాక ఆ రెండు ముక్కలు ఇంకా విడిపోయాయి, ఇరాన్ వైపు బంధుత్వం ఉన్న పాత జనం, ఇక్కడే ఉన్న ఆదిమ దక్షిణ భారతీయులు, తర్వాత వచ్చిన స్టెప్పీ (ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల) పశుపాలకులు.

ఎనిమిదో మెట్టు: అడ్మిక్చర్

ఇక్కడ కే అనే నంబరు మీరే ఇవ్వాలి, ఎన్ని పూర్వీక గుంపులుగా చీల్చాలి అని. 2 నుంచి 8 దాకా ఒక్కోటీ వేరే వేరే సీడ్ (లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నంబరు) తో ఐదేసి సార్లు నడపండి, ప్రతిసారీ దాదాపు అదే జవాబు రావాలి, రాకపోతే ఆ కే ని నమ్మొద్దు. క్రాస్ వ్యాలిడేషన్ ఎర్రర్ అని వస్తుంది, కొంత డేటా దాచిపెట్టి దాన్ని ఎంత తప్పుగా ఊహించిందో చెప్పే నంబరు, అది తక్కువ ఉన్న కే మంచిదంటారు, నేనైతే దాన్ని సలహాగా తీసుకుంటా గానీ తీర్పుగా కాదు.

ఫలితాన్ని బొమ్మ గీస్తే ఒక్కో గుంపుకి ఒక్కో రంగు, ఆ రంగులకి పేర్లు ప్రోగ్రాము పెట్టదు, మనమే పెడతాం, తప్పులన్నీ అక్కడే. 2002 లో 52 జనాలు, 1056 మంది మీద ఇలాంటి ప్రోగ్రాము నడిపితే కే 5 దగ్గర ఖండాలు విడిపోయాయి, కే 6 పెట్టగానే ఆరో ఖండం కాదు, పాకిస్తాన్ కొండల్లో ఉండే కలాష్ అనే చిన్న జనం విడిపోయారు. వాళ్ళు ప్రాచీన మూల జాతి అని కాదు, తమలో తామే చాలాకాలం పెళ్ళిళ్ళు చేసుకున్న చిన్న గుంపు ఎవరైనా ఇలాగే ప్రత్యేక రంగులో తేలతారు. మన కులాల్లో చాలా ఇలా తేలే బాపతే. 2009 పరిశోధనలోనే ఆంధ్ర వైశ్యులు రెండు వేల ఏళ్ళకి పైగా బయటినుంచి దాదాపు ఎవర్నీ కలుపుకోలేదని తేలింది. అందులో గొప్పా తక్కువా ఏమీ లేదు, పనికొచ్చే విషయం ఒకటుంది, వాళ్ళలో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ, ఆపరేషన్ కి మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్‌కోలిన్ అనే మందు పడితే కండరాలు తేరుకోడానికి చాలాసేపు పడుతుంది. ఇంట్లో ఎవరికైనా అలా అయ్యుంటే మత్తు డాక్టర్ కి ముందే చెప్పాలి.

ఆఖర్న బూట్‌స్ట్రాప్ (మార్కర్లని మళ్ళీ మళ్ళీ వేరేగా ఏరి లెక్కేసేది) ఆప్షన్ పెట్టి ఎర్రర్ ఎంతో కూడా తీయండి. 3 శాతం వచ్చి దాని ఎర్రర్ 2 అయితే అది ఉందో లేదో చెప్పలేం. బాబాయి మధ్య ఆసియా లాంటి చిన్న శాతాల్ని ఇలాగే చూడాలి.

తొమ్మిదో మెట్టు: మేనరికం లెక్క

ప్లింక్ లో హోమోజైగ్ అనే ఆప్షన్ ఉంటుంది, అమ్మ వైపూ నాన్న వైపూ ఒకేలా ఉన్న పొడుగాటి ముక్కల్ని వెతుకుతుంది (దీనికి ప్రూనింగ్ చెయ్యని ఫైల్ ఇవ్వాలి). మేనత్త మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే వాళ్ళ బిడ్డలో సగటున 6.25 శాతం, మేనమామ మేనకోడలు అయితే 12.5 శాతం అలా ఉండాలి, అంటే ఇంచుమించు 36 కోట్ల అక్షరాలు. మా అమ్మ ఫైల్లో పొడుగాటి ముక్కలు వరసగా వచ్చిపడ్డాయి. నా ఫైల్లో చూస్తే పెద్దవి దాదాపు లేవు. మొదట తప్పు చేశాననుకుని మళ్ళీ నడిపా, తర్వాత వెలిగింది, మా నాన్న వేరే కుటుంబం, ఆ ఒక్క పెళ్ళితోనే లెక్క మళ్ళీ మొదటికొచ్చేసింది.

ఈ మెట్టు ఎందుకంటే, కంపెనీలు చూపించే చుట్టాల లిస్టు మన దగ్గర తప్పుడు దూరాలు చెప్తుంది. రెండు మూడు దారుల్లో చుట్టరికం ఉన్నవాళ్ళకి పంచుకున్న డీఎన్ఏ ఎక్కువ వస్తుంది, ఎక్కడో ఐదో తరం వాళ్ళని రెండో తరం కజిన్ అని చూపిస్తుంది. మొత్తం ఎంత పంచుకున్నారన్నది కాకుండా అతి పొడుగు ముక్క ఎంతో చూడండి, చిన్న చిన్న ముక్కలు బోలెడు ఉంటే అది పాత చుట్టరికం.

పదో మెట్టు: ఎవరికి చూపించాలి

ఇంట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, మన కులం తెలిసిపోతుందా అని. కులానికి మార్కర్ లేదు. రిఫరెన్స్ లో మీ కులం వాళ్ళ శాంపిల్స్ ఉంటే వాళ్ళకి దగ్గరగా పడ్డారని చెప్పగలదు, అంతే. శాతవాహనుల వారసులమా అని ఒకాయన అడిగారు, శాతవాహనుల శాంపిల్ ఉంటే కదండీ పోల్చడానికి.

రా డేటా ఫైల్ ని దొరికిన ప్రతి సైట్ లోనూ పెట్టకండి. 2023 లో ట్వంటీత్రీ అండ్ మీ అనే డీఎన్ఏ టెస్టు కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అప్పుడు అందరికీ వచ్చిన అనుమానం మా డేటా ఎవరి చేతికి పోతుందనే. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, డీఎన్ఏ మార్చుకోలేం. పైగా ఆ ఫైల్ మీ ఒక్కరిదే కాదు, సగం మీ అన్నదమ్ములదీ అక్కచెల్లెళ్ళదీ. చుట్టాల లిస్టు ఆన్ చేస్తే ఇంట్లో ఎవరికీ తెలీని ఒక బాబాయో పెద్దమ్మో తేలొచ్చు, అది భరించే ఇల్లేనా అని ముందే ఆలోచించండి.

మా పటమట బాబాయి ఫైల్ కూడా నాకు పంపాడు, ఈ మెట్లన్నీ దాని మీదా నడపమని. పంపేముందు మా తమ్ముళ్ళిద్దర్నీ అడిగావా అన్నా. పెద్దాడు సరే అన్నాడంట, చిన్నాడు ఇంకా ఏమీ చెప్పలేదు. ఫైల్ పెన్‌డ్రైవ్ లో అలాగే ఉంది, ఇంకా తెరవలేదు.